ఇరవై తొమ్మిది దినాల మహిమ: నవలా రాతప్రతి, తెలుగు విమర్శ మౌనం

తెలుగు నవలా చరిత్రను ఎం.ఏ. తరగతి గదిలో విన్న ప్రతి విద్యార్థికీ ఒక సంఖ్య కంఠస్థమై ఉంటుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నిర్వహించిన నవలల పోటీకోసం విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను 29 దినాలలో ఆశువుగా చెప్పి ముగించారన్న ప్రసిద్ధి ఆ సంఖ్యకు మూలం. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆ నవల బహుమతి పంచుకున్న సంగతీ చాలామందికి తెలిసిందే. అయితే ‘నారాయణరావు’ ఎన్ని దినాలలో పూర్తయిందని అడిగిన విద్యార్థి గాని, చెప్పిన అధ్యాపకుడు గాని అరుదు. ఒకే పోటీలో ఒకే బహుమతి పొందిన రెండు నవలలలో ఒకదానికి దినాల లెక్క కీర్తిలో భాగమైంది. రెండవదానికి ఆ లెక్కతో పనే పడలేదు. బాపిరాజు నవలకు ఇందువల్ల కలిగిన నష్టమేమీ లేదు. నష్టమంతా ఆ తరువాత నవల రాయబూనినవారిది.

ఈ ప్రసిద్ధ కథలోనే అందరూ పేరు విని, ఎవరూ పట్టించుకోని మరొక మనిషి ఉన్నాడు. విశ్వనాథ చెబుతుండగా రాసినవారు ఆయన తమ్ముడు వెంకటేశ్వర్లు. సాహిత్య చరిత్రలు ఆయనను లేఖకుడిగా ఒక వాక్యంలో ముగిస్తాయి. కాని నవల పుడుతున్న వేళ చెప్పేవాడికి ఎదురుగా వినేవాడు కూర్చుని ఉన్నాడన్న విషయం అంత చిన్నదా? చెప్పిన వాక్యం ఎదుటివారికి ఎలా తాకిందో ఆ క్షణంలోనే తెలియడం, పాత్ర పేరు పొరపాటుగా దొర్లితే సర్దుకోవడానికి ఒక మనిషి తోడుండడం, అలసిన పూట రేపటికి వాయిదా వేసుకుంటే ఆ రేపు మళ్ళీ వచ్చి కూర్చునేవాడుండడం రచనా స్థితిగతులలో ముఖ్యమైనవి. తెలుగు విమర్శ దినాలను లెక్కపెట్టింది. వినేవాడిని లెక్కలోకి తీసుకోలేదు. కొత్తగా నవల రాయబూనినవారి అవస్థలలో చాలావాటికి మూలం ఈ లెక్క తప్పడంలోనే ఉందన్నది ఈ వ్యాసం వాదం.

ఇక ఆ 29 దినాల విషయం. 1895లో పుట్టిన విశ్వనాథకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ‘ఏకవీర’ అప్పటికే రచించి ఉన్నారు. పద్యంలోను, గేయంలోను చేయి తిరిగినవారు. కృష్ణా జిల్లా నందమూరులో గడిచిన బాల్యం, కళ్ళముందే చెదిరిపోయిన గ్రామ వ్యవస్థ, సంస్కృతాంధ్రాల చదువు, అధ్యాపక వృత్తి ఇవన్నీ ఆ నోటి వెనుక నిలిచి ఉన్నవి. 29 దినాలు చెప్పడానికి పట్టిన కాలం. నవలకు పట్టిన కాలాన్ని కొలవాలంటే అంతకుముందరి మూడు దశాబ్దాలనూ కలుపుకోవలసి ఉంటుంది. విశ్వనాథ ప్రతిభను తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ ప్రతిభను పంచాంగంతో కొలిచే అలవాటును తగ్గించుకోవాలని మాత్రమే.

ఒక చిన్న వైచిత్రి కూడా ఇక్కడ గమనించదగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. పరిశోధనకు కనీస వ్యవధి మూడేళ్ళు, గరిష్ఠ వ్యవధి ఆరేళ్ళు. అంటే నవల మీద సిద్ధాంత గ్రంథం రాయడానికి మూడేళ్ళు కూడా చాలవని ఒప్పుకునే వ్యవస్థే, నవల రాయడానికి నెల సరిపోతుందన్న కథను తరగతిలో ఆనందంగా చెబుతున్నది. సిద్ధాంత గ్రంథానికి ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. అధ్యాయం అధ్యాయం చదువుతాడు, ఎర్ర సిరాతో తిప్పి పంపుతాడు. నవలకు అలాంటివాడు లేడు. ఉండాలన్న ఆలోచన కూడా శాఖలకు రాలేదు.

పోటీ, గడువు, కొత్త రచయిత

గడువును నిందించడం సులభం. చరిత్ర మాత్రం అందుకు ఒప్పుకోదు. ‘రాజశేఖర చరిత్రము’ తరువాత తెలుగు నవల నిలదొక్కుకోవడానికి న్యాపతి సుబ్బారావు ‘చింతామణి’ పత్రిక 1890లలో నడిపిన పోటీలు ఎంత దోహదం చేశాయో అందరికీ విదితమే. ఖండవల్లి రామచంద్రుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహం వంటివారు నవలాకారులుగా నిలవడానికి ఆ పోటీలు ఆలంబనమయ్యాయి. చిలకమర్తి ‘రామచంద్ర విజయము’ ఆ పోటీ బహుమతి పొందిందే. గడువు లేకపోతే ఆ తరంలో చాలామంది నాటకాలతోను, శతకాలతోను సరిపెట్టుకునేవారేమో. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని జైలులో రాశారు. శిక్షాకాలం కూడా ఒక గడువే, ఎవరూ కోరుకోని గడువు. ఇంతకాలానికి 1997లో చంద్రలత ‘రేగడి విత్తులు’, 2019లో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ తానా పోటీలలో బహుమతులు పొంది పాఠకులలోకి వెళ్ళాయి. పోటీలు లేకుండా ఉంటే బాగుండేదని ఈ నవలలు చదివినవారెవరూ అనలేరు.

కాబట్టి ప్రశ్న గడువుకు ముందరిది కాదు, గడువు ముగిసిన తరువాతిది. పోటీ ప్రకటనలలో తరతరాలుగా కనిపించే కొన్ని వాక్యాలున్నాయి. అరఠావు కాగితానికి ఒకవైపే రాయాలి, హామీపత్రం జతపరచాలి, రాతప్రతులు తిప్పి పంపబడవు, ఈ విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. ఈ చివరి రెండు నియమాలనూ నిర్వాహకుల సౌకర్యంగా చూసి వదిలేస్తున్నాము. నిజానికి నవలా రచన మీద వాటి ప్రభావం బహుమతి మొత్తం కంటె పెద్దది. వంద నవలలు వచ్చిన పోటీలో మూడింటికి బహుమతి వస్తే, మిగిలిన తొంభై ఏడుగురికి తమ రచన ఎక్కడ తడబడిందో చెప్పే ఒక్క వాక్యం కూడా రాదు. ఏడాదిపాటు తెల్లవారుజామున లేచి రాసినవారికి దక్కేది ఫలితాల జాబితాలో తమ పేరు లేకపోవడం. కవికి అవమానం ఎదురైతే సభలో ఎదురవుతుంది. మరుసటి వారం ఇంకో సభ ఉంటుంది. నవలాకారుడికి అవమానం నిశ్శబ్దంగా వస్తుంది, ఇంకో అవకాశం మళ్ళీ ఏడాది దూరంలో ఉంటుంది.

వారపత్రికల ధారావాహికల కాలాన్ని గురించి విశ్వవిద్యాలయ విమర్శ ఎప్పుడూ కొంత చులకనగానే మాట్లాడింది. ఆ చులకనకు కారణాలున్నాయి. కాని ఆ వ్యవస్థలో ఒక ఏర్పాటు ఉండేది. వారం వారం గడువు ఉన్నా, ఆ గడువు చివర ఒక ఉపసంపాదకుడు ఉండేవాడు. రెండు వారాల తరువాత పాఠకుల ఉత్తరాలు ఉండేవి. 1978లో మొదలైన ‘చతుర’ నెలకొక నవలను పూర్తిగా ప్రచురించేది. ఆ పుటల పరిమితిలోకి నవలను కుదించడం రచయితకు బాధే అయినా, ఏది అనవసరమో తెలుసుకోవడానికి అదొక బడి. 2021లో అదీ ఆగిపోయింది. ధారావాహికలు పోయినప్పుడు వినోద సాహిత్యం తగ్గిందని సంతోషించినవారున్నారు. వాటితోపాటు నవల రాతప్రతిని అచ్చుకు ముందు చదివే మనిషి కూడా పోయాడని విచారించినవారు తక్కువ. రావిశాస్త్రి ‘రత్తాలు–రాంబాబు’ అసంపూర్ణంగా మిగిలిందన్న వాక్యాన్ని పరిశోధకులు పదే పదే రాస్తారు. ఆగిన నవల ఎందుకు ఆగింది, ఏ పుట దగ్గర ఆగింది, తరువాతి భాగానికి రచయిత వేసుకున్న పథకమేమిటి అన్న ప్రశ్నలు పరిశోధనాంశాలుగా నమోదైన దాఖలాలు ఎన్ని?

అరువు తెచ్చుకున్న కొలబద్ద

ఈ ఖాళీలోకి ఇప్పుడు మరో లెక్క వచ్చి చేరింది. 1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బాటీ అనే యువకుడు ఇరవైమంది మిత్రులతో మొదలుపెట్టిన ‘నానోరైమో’ అనే ఉద్యమం ఒక నెలలో 50,000 పదాల నవల రాయాలన్న లక్ష్యాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. రోజుకు సుమారు 1,667 పదాలు. దానిని నడిపిన సంస్థ 2025లో మూతపడింది. లెక్క మాత్రం బతికే ఉంది. తెలుగులో నవల రాయాలనుకునే యువతరం ఫోనులో పదాల సంఖ్య చూసుకుంటూ రాస్తున్నది. ఆ ఉద్యమంలో మంచి లేదని కాదు. ఎప్పటికీ మొదలుపెట్టనివారిచేత మొదలుపెట్టించింది. అక్కడ కూడా మొదటి నెలలో పుట్టేది చిత్తుప్రతి మాత్రమేనని, దానిని దిద్దడం వేరే పని అని చెబుతూనే వచ్చారు. ఇక్కడికి వచ్చేటప్పటికి ఆ రెండవ మాట రాలిపోయింది. వేయిపడగల 29 దినాలతో నానోరైమో 30 దినాలు చక్కగా అతుక్కున్నాయి. పరాయి లెక్కకు స్వదేశీ ప్రమాణం దొరికింది.

పైగా ఆ కొలబద్ద తెలుగుకు సరిపోదు. తెలుగు సంశ్లేషాత్మక భాష. ‘పోవలసివచ్చిందట’ అన్నది రాతలో ఒక పదం. అదే అర్థాన్ని ఆంగ్లంలో చెప్పడానికి అయిదారు పదాలు కావాలి. విభక్తులు నామానికి అంటుకునే ఉంటాయి. కాలమూ, పురుషా, వ్యతిరేకార్థమూ క్రియలోనే ఇమిడిపోతాయి. యాభైవేల తెలుగు పదాలు రాసినవారు యాభైవేల ఆంగ్ల పదాలు రాసినవారికంటె చాలా పెద్ద గ్రంథమే రాశారు. ఈ సంగతి భాషాశాస్త్రం తెలిసిన ప్రతి తెలుగు అధ్యాపకుడికీ తెలుసు. తెలిసి కూడా పోటీ న్యాయనిర్ణేతలుగా కూర్చున్నప్పుడు పదాల పరిమితి మీద సంతకం చేస్తున్నారు. మన పూర్వులు గ్రంథాన్ని ఆశ్వాసాలతో, అచ్చు పుటలతో, ఠావులతో కొలిచారు. అవన్నీ కూడా స్థూలమైన కొలతలే. కాని వాటిలో ఏదీ రచయితను అసలు రాయవలసినదానికంటె లావుగా రాయమని ప్రోత్సహించేది కాదు. పదాల లక్ష్యం కోసం రాసే రాతప్రతిలో ‘వెళ్ళిపోయాడు’ కాస్తా ‘అక్కడి నుంచి వెళ్ళి పోయాడు’ అవుతుంది. సమాసాలను విడగొట్టి రాసినా సంఖ్య పెరుగుతుంది. నవ్వు తెప్పించే ఉపాయమే గాని, గడువు మీద ఉన్నవారు చేసే పనులు ఇలాగే ఉంటాయి.

సిద్దిపేటలో ఈ ప్రశ్న

ఇప్పటివరకు చెప్పినదానిని ఒక ప్రాంతానికి అన్వయించి చూస్తే తీవ్రత తెలుస్తుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లా మూడు పాత జిల్లాల ముక్కలతో కుట్టిన బొంత. మెదక్ భాగం పెద్దది. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్ నుంచి వచ్చాయి. చేర్యాల, మద్దూరు, కొమురవెల్లి వరంగల్ వైపువి. పాలనా పటం మారినంత తేలికగా మాట మారదు. ఒక ఊళ్ళో ‘వచ్చిండు’ అన్నది ఇంకొక వైపు ‘అచ్చిండు’ అవుతుంది. వియ్యమందిన కుటుంబాలలో అత్త ఒక తీరుగా, కోడలు ఇంకొక తీరుగా మాట్లాడడం ఇక్కడ నిత్యం. ఈ జిల్లా నేపథ్యంగా నవల రాసేవారు ప్రతి పాత్రకూ ఈ నిర్ణయం విడివిడిగా చేసుకోవాలి. దీర్ఘాన్ని ఎక్కడ పోగొట్టాలి, ‘గిట్ల’ను ఎంతవరకు రాయాలి, కథకుని గొంతు కూడా పాత్రల యాసలోనే సాగాలా, సాగితే పుట పొడవునా నిలకడ ఎలా కాపాడాలి అన్నవి మొదటి ప్రతిలో తేలే సంగతులు కావు. రెండవ ప్రతిలోను, మూడవ ప్రతిలోను, అందులోనూ గట్టిగా చదివి వినిపించినప్పుడు తేలేవి. నెల గడువులో రాసినవారు సహజంగానే పాఠ్యపుస్తకాల భాషలోకి జారుకుంటారు. యాసను సంభాషణలకు పరిమితం చేస్తారు. అదీ కుదరనప్పుడు పనిమనుషుల సంభాషణలకు పరిమితం చేస్తారు. ఆపైన తెలంగాణ నవలలో భాష కృతకంగా ఉందని సమీక్షకులు రాస్తారు.

సిద్దిపేట అనగానే సాహిత్యలోకానికి కవిత, పాట గుర్తుకు వస్తాయి. 1986లో ఇక్కడ రూపుదిద్దుకున్న మంజీర రచయితల సంఘం, నందిని సిధారెడ్డి కవిత్వం, తెలంగాణ ఉద్యమంలో ఈ నేల నుంచి లేచిన పాటలు అందుకు కారణం. కవిత్వం ఇక్కడ ఎందుకు బలపడిందన్నదానికి ఉద్యమం, ఆవేశం, మౌఖిక సంప్రదాయం అని సమాధానాలు చెబుతారు. మరొకటి కూడా ఉంది. కవితకు వినేవాళ్ళున్నారు. రాసిన వారంలోనే చదివి వినిపించవచ్చు. పది మంది మిత్రుల ముందు చరణం తేలిపోతే కవికి అక్కడికక్కడే తెలుస్తుంది. మూడు వందల పుటల రాతప్రతిని అలా ఏ సభలో చదవగలరు? సాహిత్య సంఘం కవికి చేసిన మేలు నవలాకారుడికి చేయలేకపోయింది. ఇది సంఘాల లోపం అనడం అన్యాయం. ఆ పని చేయగల చదువు, తీరిక, జీతం ఉన్నవారు వేరే చోట ఉన్నారు. వారెవరో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ జిల్లాలోనే ఒక పెద్ద నవలకు కావలసినంత వస్తువు నీళ్ళ కింద ఉంది. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, రాంపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్ళు మునిగాయి. అక్కడి జనం గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలలోకి తరలారు. సేద్యపు నీరు అందినవారి ఆనందం, ఊరు పోయినవారి దుఃఖం రెండూ నిజమే. ఆ రెండింటినీ ఒకే కథలో, ఒకరిని దేవుణ్ణీ మరొకరిని దయ్యాన్నీ చేయకుండా పట్టుకోగల ప్రక్రియ నవల ఒక్కటే. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలు, పీజీలు చదువుతున్నారు. వారిలో ఒకరు నవల రాయాలనుకుంటే ఈనాడు వారికి అందే సలహా ఏమిటి? ఫలానా పోటీకి ఫలానా తేదీ చివరిది. రోజుకు ఇన్ని పదాలు రాయి. సాహిత్య అకాదెమీ యువ పురస్కారానికి ముప్పై అయిదేళ్ళు దాటకూడదు గనుక త్వరగా పుస్తకం వేసుకో. ఊరి చెరువు పేరు, చెలక పేరు, మైసమ్మ గుడి దగ్గరి తొవ్వ మలుపు ఇంకా గుర్తున్న డెబ్బై ఏళ్ళ ముసలమ్మ దగ్గర కూర్చొమ్మని చెప్పేవారు తక్కువ. రాసింది ఆమెకు చదివి వినిపించి, ఆమె ఎక్కడ నవ్విందో, ఎక్కడ ‘గట్ల గాదు బిడ్డా’ అన్నదో గుర్తుపెట్టుకొమ్మని చెప్పేవారు ఇంకా తక్కువ.

ఊకొట్టేవాడు

విచిత్రమేమిటంటే పెద్ద కథ చెప్పడంలో ఈ నేలకు గొప్ప శిక్షణ ఉంది. కొమురవెల్లి మల్లన్న పట్నాలలో ఒగ్గు కథకుడు ఒంటరిగా కథ చెప్పడు. పక్కన సహకథకుడు ఉంటాడు. ఊకొడతాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, జనం విసిగినట్లనిపిస్తే హాస్యంతో మళ్ళిస్తాడు, కథకుడు దారి తప్పితే తిరిగి దారిలో పెడతాడు. రాత్రంతా సాగే కథకు ఆ రెండవ గొంతే ఆయువుపట్టు. చేర్యాల నకాశీ పటాల సంగతీ ఇంతే. గజాల పొడవున సాగే పటం ఒక్క చిత్రకారుని ఊహ కాదు. మడేలు పురాణమో, మార్కండేయ పురాణమో చెప్పే ఆశ్రిత కులాల కథకులు వచ్చి, ఏ ఘట్టం తరువాత ఏ ఘట్టమో చెప్పి వేయించుకునేవారు. ముందుగా బట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పట్టించి ఆరబెట్టాలి. ఆ తరువాత రేఖ. ఆ తరువాతనే రంగు. బట్ట తయారు కాకముందే రంగు పూసిన నకాశీ ఉండడు. కథ ఎంత ఉంటే పటం అంత. పటం పొడవును ముందే నిర్ణయించి కథను అందులో సాగదీసిన ఆనవాలు ఆ సంప్రదాయంలో కనబడదు.

ఒగ్గు కథ మీదా, పటం కథల మీదా సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. వాటిని జానపద విజ్ఞానంగా ఒక గదిలో, నవలను ఆధునిక సాహిత్యంగా ఇంకొక గదిలో పెట్టి తాళాలు వేసుకున్నాము. సహకథకుడి పాత్రను వర్ణించిన పరిశోధకుడికే నవలాకారునికి సహకథకుడెవరన్న ప్రశ్న తట్టలేదు.

మార్గ సాహిత్యంలో కూడా సాక్ష్యానికి కొదవ లేదు. భారతాంధ్రీకరణలో నారాయణభట్టు తనకు చేసిన సాహాయ్యాన్ని నన్నయ అవతారికలోనే చెప్పుకున్నాడు. తెలుగు కావ్యరచన మొదలైన చోటనే రెండవ మనిషి ఉన్నాడు. ఆధునిక కాలంలో, తెలంగాణలో, వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ఇతరుల పుస్తకాలు అచ్చువేశారు, సంచీలో మోసుకెళ్ళి ఊరూరా అమ్మారు. తెలంగాణ నవలకు బాట వేసిన ‘ప్రజల మనిషి’ రచయితకు అచ్చుకూటం, పాఠకుడు, పుస్తకం కొనేవాడి బేరం అన్నీ అనుభవంలో ఉన్నవే. ఆయన ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలి మరణానంతరం వెలువడింది. ఆళ్వారుస్వామి తలపెట్టి ముగించలేకపోయిన నవలా పథకాన్ని దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ మొదలుకొని తన చేతిలోకి తీసుకున్నారు. ఒక రచయిత వదిలిన కథాకాలాన్ని మరొక రచయిత అందుకోవడం కంటె గొప్ప పాఠకత్వం ఏముంటుంది? ఇందులో ఎన్ని దినాలన్న లెక్క ఎక్కడా లేదు.

శాఖలు చేయగలిగినవి

ఇంతవరకు వచ్చిన తరువాత, నవల రాయడం ప్రతిభకు సంబంధించినది గాని విశ్వవిద్యాలయం నేర్పేది కాదన్న ఆక్షేపణ తప్పక వస్తుంది. ప్రతిభను ఎవరూ నేర్పమనడం లేదు. తాళపత్ర గ్రంథాల విషయంలో తెలుగు పాండిత్యం చేసిన పనినే తెల్లకాగితం విషయంలోనూ చేయమన్నదే ప్రార్థన. కడపలో బ్రౌన్ దొర పండితులకూ లేఖకులకూ జీతాలిచ్చి ప్రతులు సంపాదించి, పోల్చి, శుద్ధ ప్రతులు రాయించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఒక్క పాఠభేదం కోసం ఊళ్ళు తిరిగారు. ఆ పాఠపరిష్కరణ విద్య ఎం.ఏ. విద్యార్థులు నేటికీ ఎంతో కొంత చదువుతున్నారు. ఆ విద్య ఆధునిక నవల గడప తొక్కలేదు. ఒక నవల పత్రికలో వెలువడిన రూపానికీ పుస్తకరూపానికీ మధ్య ఏం మారిందో పోల్చి చూపిన పరిశోధన వేళ్ళమీద లెక్కించదగినంత. రచయిత కన్నుమూస్తే రాతప్రతులు పాతకాగితాల తూకానికి పోతున్నాయి. నవలాకారుడు ఏం కొట్టివేశాడో తెలియని విద్యార్థికి, తాను రాసినదానిలో ఏది కొట్టివేయాలో ఎవరు చూపిస్తారు?

రాతప్రతి తయారీలోని మామూలు సంగతులను కూడా ఎవరూ చెప్పడం లేదు. చేతిరాతను డీటీపీకి ఇస్తే అక్కడ యాసపదాలను తప్పులనుకుని దిద్దేస్తున్నారు. ‘ఉన్నరు’ కాస్తా ‘ఉన్నారు’ అవుతున్నది. అను ఖతులలో కూర్చినదాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతున్నాయి. మూడవ ప్రూఫు చదివే ఓపిక రచయితకు ఉండదు, డబ్బు ప్రచురణకర్తకు ఉండదు. రచయిత అప్పుచేసి మూడు వందల ప్రతులు వేసుకుని, ఆవిష్కరణ సభలో సగం పంచిపెట్టి, మిగిలినవి మంచం కింద పెట్టుకుంటే, అయిదేళ్ళ తరువాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి ఉచితంగా ఒక ప్రతి పట్టుకుపోయి, ముద్రారాక్షసాలను శైలీదోషాలుగా తన గ్రంథంలో నమోదుచేస్తాడు.

ఇందుకు కావలసిన ఏర్పాటు పెద్దది కాదు. ఎం.ఏ. నాలుగు సెమిస్టర్లలో ఒక పత్రాన్ని గ్రంథ సంపాదకత్వానికి కేటాయించవచ్చు. దానికి పాఠ్యవస్తువు అచ్చయిన నవల కాకుండా అచ్చుకాని రాతప్రతి కావాలి. పరీక్ష బదులు, ఆ రాతప్రతి మీద రచయితకు రాసిన సవివరమైన ఉత్తరం కావాలి. ప్రతి విద్యార్థి సెమిస్టరుకు ఒక్క రాతప్రతి చదివినా, పాతికమంది ఉన్న తరగతి ఏడాదికి యాభై మంది కొత్త నవలాకారులకు ఊకొట్టగలదు. న్యాయనిర్ణేతలుగా వెళ్ళే అధ్యాపకులు బహుమతి రాని ప్రతి రచయితకూ నాలుగు వాక్యాలు రాసి పంపాలన్న నియమం ఉంటేనే అంగీకరిస్తామని నిర్వాహకులతో చెప్పవచ్చు. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదన్న వాక్యం ఆనాటితో రద్దవుతుంది. జరిగిన శ్రమకు పారితోషికం అడగడంలో కూడా తప్పు లేదు. తుది బహుమతి మొత్తంలో కొంత తగ్గించి పాఠకులకు ఇవ్వడానికి దాతలు ఒప్పుకోరని ముందే అనుకోవడమెందుకు?

వీటన్నిటికంటె ముందు జరగవలసినది మరొకటి. గజ్వేల్ దగ్గరి కాలనీలలో వరుసలుగా ఉన్న ఇళ్ళలో, మునిగిన ఊళ్ళ మాటను ఇంకా పాత తీరుననే మాట్లాడుతున్న పెద్దలు ఉన్నారు. వారిలో చాలామంది చదవలేరు, వినగలరు. వారి ఊరి మీద ఎవరైనా నవల రాస్తే దాని మొదటి ప్రతిని ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని వారికి చదివి వినిపించడానికి ఒక విద్యార్థిని పంపడం ఏ శాఖకైనా బస్సు చార్జీలతో అయిపోయే పని. సిద్దిపేట నుంచి గజ్వేల్‌కు ఎంత దూరమని?